క్యాంటీన్ కార్డులో ఉన్నది ఎవరి డబ్బు?

నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం ఓడరేవు, ముత్తుకూరు మండలంలోని థర్మల్ విద్యుత్ కేంద్రాలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు. ప్రకాశం వైపు వెళ్తే గుండ్లాపల్లి గ్రోత్ సెంటరు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు. పనులు వేరు, మనుషులు వేరు, కూలి రేట్లు వేరు. తిండికి దొరికే సమయం మాత్రం చాలాచోట్ల అరగంటే. ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం గీసిన గీత అది. చట్టం కనీసం అన్నదే ఆచరణలో గరిష్ఠమై కూర్చుంది.

ఆ అరగంటను విడదీసి చూస్తే క్యాంటీన్ కష్టం అర్థమవుతుంది. షెడ్డు నుంచి నడిచి రావడం, చేతులు కడుక్కోవడం, మళ్ళీ వెనక్కి వెళ్ళడం కలిపి ఎనిమిది నిమిషాలు. తినడానికి పన్నెండు. వరసలో నిలబడటానికి మిగిలేది పది నిమిషాలు. ఒక బ్యాచ్‌లో 300 మంది, రెండు కౌంటర్లు అనుకుంటే ఒక్కో కౌంటరు ముందు 150 మంది. పది నిమిషాలంటే 600 సెకన్లు, అంటే మనిషికి నాలుగు సెకన్లు. నోటు ఇచ్చి, చిల్లర తీసుకుని, టోకెన్ చించుకునే పద్ధతిలో మనిషికి పన్నెండు సెకన్లు పట్టినా, వరసలో చివరివాళ్ళకు టోకెన్ దొరికేసరికి అరగంటా అయిపోతుంది. కార్డు ఆనించి ముందుకు కదలడానికి రెండు మూడు సెకన్లు చాలు. క్యాంటీన్లలో నగదు పోయి కార్డు రావడానికి మూలకారణం ఈ లెక్కే. 2016 నవంబరులో నోట్ల రద్దు, ఎప్పుడూ ఉండే చిల్లర కొరత దానికి ఊపునిచ్చాయి. వడ్డించే చేత్తోనే నోట్లు ముట్టుకోకూడదన్న శుభ్రత సంగతి ఒకటి ఉండనే ఉంది.

ఊరంతా ఫోన్‌పే, గూగుల్‌పే వాడుతుంటే మళ్ళీ కార్డెందుకు అని అడగొచ్చు. రొయ్యల ప్లాంటు ప్రాసెసింగ్ హాల్లోకి వెళ్ళే మనిషిని చూస్తే జవాబు దొరుకుతుంది. తలకు టోపీ, మూతికి మాస్కు, ఒంటికి గౌను, కాళ్ళకు గమ్‌బూట్లు, చేతులకు గ్లోవ్స్. ఫోను లాకర్లోనో గేటు దగ్గరో ఉంటుంది. విరామంలో ముందు ఫోను తెచ్చుకుని తర్వాత వరసలో నిలబడమంటే అరగంట మొదలవకముందే సగం అయిపోతుంది. భద్రత కారణంగా ఫోన్లు లోపలికి రానివ్వని ప్లాంట్లూ ఉన్నాయి. చిన్న మొత్తాలకు పిన్ అక్కర్లేని యూపీఐ లైట్ 2022లో వచ్చాక వేగం సమస్య కొంత తగ్గింది గానీ, ఫోన్ లేని చేతికి అది అక్కరకు రాదు. మెడలో వేలాడే గేట్ పాసే క్యాంటీన్ కార్డు కూడా అయితే దాన్ని మరిచిపోయే సమస్య ఉండదు.

వేగం సంగతి ఇంతటితో తేలిపోతుంది. యంత్రాలు అమ్మేవాళ్ళు వేగం దగ్గరే ఆగిపోతారు. మేనేజ్‌మెంట్లు కూడా చాలావరకు అక్కడే ఆగుతాయి. కార్మికుల వైపు నుంచి తేలాల్సిన ప్రశ్నలు ఆ తర్వాత మొదలవుతాయి. కార్డులో ఉన్న డబ్బు ఎవరిది, తినేదాకా అది ఎవరి చేతిలో ఉంటుంది, లెక్క ఎవరికి కనిపిస్తుంది?

ఒకే ప్లాస్టిక్, మూడు ఒప్పందాలు

బయటికి అన్ని కార్డులూ ఒకేలా కనిపిస్తాయి. లోపల మూడు వేర్వేరు ఒప్పందాలు ఉంటాయి.

మొదటిది ప్లేటు కార్డు. షిఫ్టుకు ఒక భోజనం, రెండు టీలు కంపెనీ ఇస్తుంది. కార్డు ఆనిస్తే ఆ షిఫ్టు వాటాలో ఒకటి తగ్గుతుంది. ఇందులో కార్మికుల డబ్బు ఏమీ లేదు. యంత్రం చేసే పని లెక్కపెట్టడమే. నెలాఖరుకు ఆ లెక్కే క్యాటరింగ్ కాంట్రాక్టరుకు బిల్లు అవుతుంది.

రెండోది రీఛార్జి కార్డు. ముందుగా డబ్బు కట్టి నింపుకోవాలి, తిన్నకొద్దీ తగ్గుతుంది. మూడోది కటింగ్ కార్డు. నెలంతా తింటారు, మొత్తం జీతంలో కోస్తారు. చాలా చోట్ల ఇవి కలగలిసి ఉంటాయి. భోజనం కంపెనీ వాటా, గుడ్డో చేపముక్కో అదనంగా తీసుకుంటే రీఛార్జి నుంచి, హాస్టల్ మెస్ జీతంలో కటింగ్. ఇంతవరకు తప్పేమీ లేదు. ఏ బీప్ దేనికి మోగిందో తెలియకపోతేనే తంటా. కౌంటరు దగ్గరి తెరమీద ఒక్క అంకె వస్తుంది, రెండు సెకన్లలో మాయమవుతుంది, వెనక మనిషి ముందుకు తోస్తాడు. తగ్గింది కంపెనీ వాటానా, సొంత డబ్బా అని చూసుకునే వీలే ఉండదు.

రీఛార్జి కార్డు సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే కార్మికుల డబ్బు తిండి కంటే ముందే చేయి మారేది ఇక్కడే. భోజనం 35 రూపాయలు, కనీస రీఛార్జి 100 రూపాయలు అనుకుందాం. రెండు భోజనాలకు 70 పోతే 30 మిగులుతుంది. ఆ ముప్పైతో ఇంకో భోజనం రాదు. మళ్ళీ వంద వేయాలి. ఇలా ఎప్పుడు చూసినా కార్డులో ఎంతో కొంత చిక్కుకునే ఉంటుంది. ఒక్కొక్కరి దగ్గర అది చాయ్ డబ్బులే. వెయ్యి మంది కార్డుల్లో సగటున 50 రూపాయలు పడి ఉంటే 50,000 రూపాయలు వడ్డీ లేకుండా కాంట్రాక్టరు దగ్గరో కంపెనీ దగ్గరో తిరుగుతున్నట్టు. కూలి మనిషి యజమానికి అప్పిచ్చినట్టే లెక్క. దీనికి మందు చాలా చిన్నది: కనీస రీఛార్జిని ఒక భోజనం ధరకు తగ్గించడం, ఎంత కావాలంటే అంత వేసుకోనివ్వడం. యంత్రంలో ఒక సెట్టింగ్ మారిస్తే చాలు. అయినా చాలాచోట్ల ఎవరూ మార్చరు, ఎందుకంటే అడిగేవాళ్ళు లేరు.

ఈ డబ్బుకు రిజర్వు బ్యాంకు కాపలా ఉంటుందనుకుంటే పొరపాటు. ముందుగా డబ్బు నింపుకునే కార్డులనూ వ్యాలెట్లనూ రిజర్వు బ్యాంకు 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం కింద నియంత్రిస్తుంది, 2021 ఆగస్టులో వాటికి సమగ్ర నిబంధనలు ఇచ్చింది. కానీ ఒక సంస్థ తన సరుకులు, సేవలు కొనుక్కోవడానికి మాత్రమే ఇచ్చే కార్డు, నగదుగా తీసుకోవడానికి వీల్లేని కార్డు ఆ నియంత్రణలోకి రాదు. దానికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్ సొంత కార్డు ఈ కోవలోకే వస్తుంది. అనుమతి అక్కర్లేదంటే పెట్టేవాళ్ళకు సులువు, నింపుకునేవాళ్ళకు మాత్రం బయటి అండ లేదు. కాబట్టి మిగిలిన డబ్బు ఎప్పుడు తిరిగి ఇస్తారు, కార్డు పోతే బ్యాలెన్స్ ఏమవుతుంది, ఎన్నాళ్ళు వాడకపోతే రద్దవుతుంది అనేవి కంపెనీలోనే కాగితం మీద రాసుకోవాల్సిన మాటలు. ఆ కాగితం లేకుండా కార్డు ప్రవేశపెట్టడం అన్యాయం.

థర్మల్ కేంద్రాల్లో ఇది ఇంకా పదునుగా కనిపిస్తుంది. నేలటూరులోని దామోదరం సంజీవయ్య కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఇంత పెద్ద యూనిట్ ఏదైనా అప్పుడప్పుడు ఆపి బాయిలర్, టర్బైన్ విప్పి బాగుచేయక తప్పదు. ఇలాంటి షట్‌డౌన్ పనులకు ఎక్కడైనా వెల్డర్లు, రిగ్గర్లు, హెల్పర్లు కొద్ది వారాల కోసం వస్తారు, పని ముగిసిన రోజే సామాను సర్దుకుని ఇంకో రాష్ట్రంలో ఇంకో ప్లాంటుకు బయల్దేరతారు. ఇలాంటి మనిషికి రీఛార్జి కార్డు ఇచ్చి, మిగిలిన డబ్బుకు ఆఫీసు వేళల్లో వచ్చి దరఖాస్తు పెట్టుకోమంటే, ఆ డబ్బు వదులుకోమన్నట్టే. పని ముగిసే సాయంత్రం గేటు దగ్గరే కార్డు వెనక్కి తీసుకుని, బ్యాలెన్స్ చేతిలో పెట్టి, సంతకం తీసుకునే ఏర్పాటు ఉండాలి. హెల్మెట్టు, సేఫ్టీ బెల్టు వెనక్కి తీసుకోవడానికి గేటు దగ్గర మనిషిని పెట్టగలిగినవాళ్ళకు ఇదేమంత పెద్ద పని?

చట్టం దృష్టిలో క్యాంటీన్

క్యాంటీన్ అనేది యజమాని దయ మీద నడిచేది కాదు. మామూలుగా 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టించే నిబంధనలు చేయొచ్చని 1948 చట్టం 46వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ (ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం) ఆ గీతను 100కు దించింది, కాంట్రాక్టు కార్మికులనూ కలిపి లెక్కించమంది. మన జిల్లాల్లో చాలా ప్లాంట్లలో పేరోల్ మీద ఉండేవాళ్ళు కొద్దిమంది, కాంట్రాక్టర్ల కింద ఉండేవాళ్ళు ఎక్కువమంది. అలాంటిచోట ఈ మార్పు పెద్దదే.

పాత 46వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. తిండి ధర కట్టేటప్పుడు క్యాంటీన్ నడిపే ఖర్చుల్లో కొన్నిటిని లెక్కలోకి తీసుకోకూడదని, వాటిని యజమానే భరించాలని నిబంధనలు పెట్టొచ్చంది. క్యాంటీన్ లాభాపేక్ష లేకుండా నడవాలన్న ఆలోచన దీని వెనక ఉంది. అదే ఆలోచనను కార్డు దాకా తీసుకొస్తే, రీడర్ యంత్రం, సాఫ్ట్‌వేర్ అద్దె, కార్డు ముద్రణ, రీఛార్జి మీద బ్యాంకు చార్జీలు ప్లేటు ధరలోకి రాకూడదు. అవి పొయ్యి, గిన్నెల ఖర్చు లాంటివి. కొత్త కార్డుకు డిపాజిట్ అని, పోయిన కార్డుకు వంద అని, రీఛార్జికి రెండు రూపాయలని వసూలు చేయడం మొదలైతే భోజనం ధర గుట్టుగా పెరిగినట్టే. ధరల బోర్డు మాత్రం పాత అంకెతోనే ఉంటుంది.

జీతంలో కటింగ్‌కు వేరే కొలత ఉంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం యజమాని కల్పించే సౌకర్యానికి జీతంలో కోయాలంటే, ఆ సౌకర్యాన్ని కార్మికుడు ఒప్పుకుని ఉండాలి, కోత దాని విలువను మించకూడదు. ఇప్పుడు దాని స్థానంలో ఉన్న వేతనాల కోడ్ మొత్తం కటింగులు కలిపి జీతంలో సగం దాటకూడదంటుంది. ఇందులో కార్మికుడు ఒప్పుకోవడం అన్న భాగమే గట్టిగా పట్టుకోవాల్సింది. చేరిన రోజు పాతిక కాగితాల మధ్య పెట్టించిన సంతకం ఒప్పుకోలు కాదు. నెలాఖరు పే స్లిప్‌లో క్యాంటీన్ 1,120 అని ఒక్క లైను వస్తే దాన్ని ఎవరు తేల్చుకోగలరు? ఏ రోజు, ఏ పూట, ఏం తీసుకున్నారు, ఎంత పడింది అన్న వివరం యంత్రంలో ఉండనే ఉంది. దాన్ని స్లిప్‌తో పాటు ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఒక కాగితం.

కూలిని చెల్లుబాటయ్యే నాణేల్లో, నోట్లలో ఇవ్వాలని 1936 చట్టం పట్టుబట్టడానికి వెనక ఒక చరిత్ర ఉంది. డబ్బుకు బదులు టోకెన్లు ఇచ్చి, వాటిని యజమాని దుకాణంలోనే మార్చుకోమనే పద్ధతిని ఇంగ్లండు 1831లోనే చట్టం చేసి నిషేధించింది. అస్సాం తేయాకు తోటల్లో పందొమ్మిదో శతాబ్దంలో తోటలు సొంత టోకెన్లు కొట్టించాయి. బయట ఎక్కడా చెల్లని టోకెన్లవి. కార్మికుడి రాతపూర్వక అనుమతి ఉంటే చెక్కు, బ్యాంకు జమ అంతకుముందే కుదిరేవి. 2017లో చేసిన సవరణతో ఆ అనుమతి అవసరం కూడా పోయింది. క్యాంటీన్ కార్డులో వేసే డబ్బు మాత్రం ఇప్పటికీ జీతం కిందికి రాదు. జీతంలో కొంత భాగం మీ కార్డులో వేశాం అని ఏ కాంట్రాక్టరైనా అంటే, అది తేయాకు తోటల టోకెన్ పద్ధతే.

హాస్టల్, దుకాణం, బస్సు

రొయ్యల ప్లాంట్లలో ఒడిశా, జార్ఖండ్, అస్సాం వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన అమ్మాయిలు కంపెనీ హాస్టళ్ళలో ఉండి పనిచేస్తుంటారు. వాళ్ళకు క్యాంటీన్ అంటే మధ్యాహ్నం ఒక్కపూట తిండితో పోయేది కాదు. మూడు పూటలా మెస్, సబ్బు, నూనె, శానిటరీ ప్యాడ్లు అమ్మే లోపలి దుకాణం, ఆదివారం ఊళ్ళోకి వెళ్ళే బస్సు, ఫోన్ రీఛార్జి అన్నీ ప్రహరీ లోపలే. వీటన్నిటికీ ఒకే కార్డు పెడితే నిర్వహణకు హాయి. ఎన్ని సేవలు ఒక్క కార్డులోకి వస్తే అంతగా ఆ మనిషి ఖర్చంతా యజమాని కళ్ళముందే, యజమాని చెప్పిన ధరకే జరుగుతుంది. బయట పది రూపాయలున్న సబ్బు లోపల పన్నెండు అయినా పోల్చుకోవడానికి బయటికి వెళ్ళే రోజు వారానికొక్కటే.

దీనికి అడ్డుకట్టలు కష్టమైనవేమీ కావు. దుకాణంలో నగదు, యూపీఐ కూడా తీసుకోవాలి, కార్డు ఒక్కటే మార్గం కాకూడదు. కటింగ్ పద్ధతి మెస్ వరకే ఆగాలి, దుకాణానికి రీఛార్జి డబ్బే వాడాలి. అప్పుడు తెలియకుండా అప్పు పేరుకోదు. రోజుకు ఎంతకు మించి పోకూడదో ఎవరి పరిమితి వాళ్ళే పెట్టుకునే వీలు ఇవ్వాలి. వస్తువు మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర దాటకూడదన్నది ఎలాగూ చట్టమే. తెరమీద అంకెలు పెద్దవిగా, మిగిలిన బ్యాలెన్స్ వేరే రంగులో చూపాలి. తెలుగు, ఇంగ్లీషు రెండూ చదవలేని ఒడియా అమ్మాయికి కూడా అంకెలు తెలుసు. నెల లెక్క కాగితం మాత్రం ఆమె చదవగలిగిన భాషలోనే ఉండాలి. ఇది చిన్న కోరికగా అనిపించవచ్చు. పద్దెనిమిదేళ్ళకు ఇల్లు వదిలి వచ్చిన మనిషి తన కష్టార్జితంలో ఎంత తిండికి పోయిందో తెలుసుకోవడం మాత్రం చిన్న విషయం కాదు.

లెక్క ఎటువైపు పనిచేస్తుంది

కార్డు వల్ల నిజంగా మేలు జరిగే చోటు వంటగది. టోకెన్ పుస్తకాల రోజుల్లో వంటవాళ్ళు అందాజాగా బియ్యం పోసేవాళ్ళు. మిగిలితే పారబోయడం, చాలకపోతే చివర వచ్చినవాళ్ళకు సాంబారులో నీళ్ళు. గేటులో కార్డు పడగానే షిఫ్టుకు ఎంతమంది వచ్చారో వంటగదికి తెలిస్తే ఎసరు పెట్టకముందే లెక్క తేలుతుంది. సోమవారం ఎంతమంది, పండగ మరుసటి రోజు ఎంతమంది, శుక్రవారం గుడ్డు ఎంతమంది తీసుకుంటారు అన్నది రెండు మూడు నెలల రికార్డుతో వంటమేస్త్రీ చేతిలో ఉంటుంది. రొయ్యల ప్లాంట్లలో ఇది మరీ అవసరం. చెరువులు పట్టుబడి పడిన రోజు సరుకు వెల్లువలా వస్తుంది, లేని రోజు హాలు సగం ఖాళీ. మనుషుల సంఖ్య అంతగా ఊగే చోట అందాజా ఎప్పుడూ తప్పుతుంది.

కాంట్రాక్టరు బిల్లు సంగతీ ఇంతే. టోకెన్లు లెక్కపెట్టే పద్ధతిలో 400 ప్లేట్లకు 450 రాయడం కష్టమేమీ కాదు. కార్డుతో ఆ సందు మూసుకుంటుంది, కానీ పూర్తిగా కాదు. సూపర్‌వైజరు చేతిలో మాస్టర్ కార్డు ఒకటి ఉంటే, ఇవాళ కార్డు తేని వాళ్ళ పేరుతో ఎన్ని ప్లేట్లయినా కొట్టొచ్చు. కాబట్టి మాస్టర్ కార్డుతో పడిన ప్రతి ప్లేటూ విడిగా, కారణంతో సహా రిపోర్టులో రావాలి. క్యాంటీన్ కమిటీలో కార్మికుల తరఫున కూర్చునేవాళ్ళు మొదట అడగాల్సిన రిపోర్టు అదే.

ఈ రికార్డుకు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో వాడకం ఉంది. రాత్రి పదకొండు గంటలకు క్యాంటీన్‌లో ఒక కార్డు బీప్‌మంది అంటే, ఆ మనిషి రాత్రి పదకొండుకు ప్లాంటులో ఉన్నట్టు. మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, సాయంత్రం ఆరు గంటలకే షిఫ్టు ముగిసినట్టు రాసి ఉంటే, ఆ ఐదు గంటల లెక్క చెప్పాల్సి ఉంటుంది. ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఇవ్వాలన్నది ఫ్యాక్టరీల చట్టం నుంచి ఇప్పటిదాకా మారని నియమం. హాజరు యంత్రాన్ని కాంట్రాక్టరు మనుషులే చూసుకునే చోట, తిండి రికార్డు వేరే కాంట్రాక్టరు దగ్గర ఉంటుంది కాబట్టి దాన్ని సరిచేయడం అంత తేలిక కాదు. హాస్టల్‌లో ఉండేవాళ్ళ విషయంలో ఇది పనికిరాదు, వాళ్ళు ఎలాగూ ప్రాంగణంలోనే తింటారు. రోజూ బస్సెక్కి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు మాత్రం సొంత కార్డు చరిత్ర ఒక గట్టి సాక్ష్యం. అడిగినప్పుడు దాన్ని కార్మికులకు ఇవ్వడం నిర్వహణకు ఇబ్బందికరంగా ఉండొచ్చు. ఇవ్వాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఎవరి వివరాలు వాళ్ళు తెలుసుకునే హక్కును గుర్తించింది.

ఇదే రికార్డు ఎదురు కూడా తిరగగలదు. టీకి ఎన్నిసార్లు వెళ్ళారు, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు అని మనిషి మనిషికీ తీసి మెమోలు ఇవ్వడానికి క్యాంటీన్ యంత్రాన్ని వాడడం మొదలైతే, జనం కార్డు కొట్టడమే మానుకుంటారు. ఇంటి నుంచి తెచ్చిన క్యారియర్ చెట్టుకింద విప్పుకుంటారు. తిండి లెక్క తిండికే పరిమితం కావాలని రాతలో పెట్టుకోవడం ఇద్దరికీ మంచిది.

ఒక చిన్న అలవాటు గురించి చెప్పాలి. టీ వేళకు ఐదుగురు తమ కార్డులు ఒకరి చేతికిచ్చి పంపడం, ఆ ఒక్కరే ట్రేలో ఐదు గ్లాసులు తేవడం ప్రతి షెడ్డులోనూ జరిగేదే. ఒక మనిషి ఒక కార్డే కొట్టాలని యంత్రంలో నియమం పెడితే ఐదుగురూ నడిచి వెళ్ళాలి. దొంగ ప్లేట్లు ఆపుదామని పెట్టిన నియమం టీ విరామాన్ని మింగేస్తుంది. భోజనానికి ఆ నియమం ఉంచి, టీకి సడలిస్తే సరిపోతుంది. కార్డు స్థానంలో వేలిముద్ర పెడితే ఈ వెసులుబాటు అసలే ఉండదు. పైగా గంటల తరబడి ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచిన వేళ్ళను, రాయి కోసి అరిగిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టక తిప్పి పంపుతుంది. ఆకలితో వరసలో ఉన్న మనిషి వేలు తుడిచి తుడిచి పెట్టాల్సి రావడం అవమానం.

కార్డు లోపల, కరెంటు పోయినప్పుడు

సాంకేతికంగా తెలుసుకోవాల్సినవి రెండే. ఒకటి కార్డు రకం. హాజరుకు ఇచ్చే చవకరకం కార్డుల్లో చాలావరకు 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. వాటిలో ఉండేది ఒక సీరియల్ నంబరు మాత్రమే, దాన్ని నకలు తీయడం తేలిక. 13.56 మెగాహెర్ట్జ్ కార్డుల్లో చిన్న మెమరీ, తాళంచెవి ఉంటాయి. వాటిలోనూ 1994లో వచ్చి ప్రపంచమంతా పాకిన మైఫేర్ క్లాసిక్ కార్డు తాళాన్ని 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు విప్పి చూపించారు. ఉత్త ప్లేటు లెక్కకు అలాంటి కార్డు సరిపోతుందేమో గానీ, డబ్బు విలువ కార్డులోనే దాచే పద్ధతికి అది పనికిరాదు. టెండరులో కార్డు అని మాత్రమే రాస్తే అన్నిటికన్నా చవకది వస్తుంది.

రెండోది లెక్క ఎక్కడ ఉంటుందన్నది. సర్వర్లో ఉంటే కార్డు పోయినా బ్యాలెన్స్ పోదు, వెంటనే ఆపేయొచ్చు, కానీ నెట్‌వర్కు ఉండాలి. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదకు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. అలాంటి రోజుల్లో తర్వాతి షిఫ్టు రాదు, ఉన్న షిఫ్టు ఇంటికి పోలేదు. ప్లాంటులో ఉన్నవాళ్ళందరికీ రెండు మూడు పూటలు అదే క్యాంటీన్ వండి పెట్టాలి. సరిగ్గా అప్పుడే తెరమీద సర్వర్ అందుబాటులో లేదని వస్తే? రీడరు తనంతట తానే కార్డు నంబర్లు గుర్తుపెట్టుకుని, నెట్ వచ్చాక పంపే ఏర్పాటు తప్పనిసరి. అది కూడా పనిచేయకపోతే పేరు, పాసు నంబరు రాసుకుని ప్లేటు పెట్టాలన్న నియమం వడ్డించేవాళ్ళకు ముందే చెప్పి ఉంచాలి. తుపాను తీరంలో ఉన్న మన జిల్లాలకు ఇది మొదటి షరతు. డబ్బు తగ్గి ప్లేటు రాని సందర్భాలు, ఒకటికి రెండుసార్లు తగ్గిన సందర్భాలు కూడా నెట్ ఊగిసలాడే రోజుల్లోనే ఎక్కువ. వాటిని సరిచేసే అధికారం కౌంటరు దగ్గరున్న మనిషికే ఉండాలి. హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టమనడం 35 రూపాయల కోసం ఎవరూ చేయని పని.

గుండ్లాపల్లి, చీమకుర్తి చుట్టుపక్కల

ఒంగోలు దగ్గరి గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ల సంగతి వేరు. ఒక్కో యూనిట్‌లో పదుల సంఖ్యలోనే మనుషులు. క్యాంటీన్ గీత 100కు దిగినా చాలావాటికి అది తగలదు. అక్కడ తిండి అంటే ఇంటి క్యారియర్, లేదా రోడ్డు పక్క మెస్‌లో ఖాతా. అలాంటిచోట ఒక్కో యూనిట్ ఒక్కో కార్డు యంత్రం పెట్టుకోవడంలో అర్థం లేదు. మెస్ ముందు అతికించిన క్యూఆర్ కోడ్ సరిపోతుంది. నెలాఖరున ఖాతా తీర్చే పద్ధతిలో మెస్ నడిపే మనిషికీ తినే మనిషికీ మధ్య ఉన్న నమ్మకం ఏ యంత్రమూ ఇవ్వలేదు, దాన్ని చెడగొట్టనక్కర్లేదు.

గ్రోత్ సెంటరులో యూనిట్లన్నీ కలిసి ఒక ఉమ్మడి క్యాంటీన్ పెట్టుకుంటే బాగుంటుంది, ఖర్చు పంచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. ఒక సంస్థ కార్డు ఆ సంస్థ దగ్గరే చెల్లినంతకాలం రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. అదే కార్డు వేర్వేరు యజమానుల క్యాంటీన్, పక్క టీ కొట్టు, ఎదురుగా ఉన్న మెడికల్ షాపు అన్నిట్లో చెల్లేలా చేస్తే అది ఆ గీత దాటుతుంది. అప్పుడు బ్యాంకు గానీ, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న కార్డు కంపెనీ గానీ ఉండి తీరాలి. నగరాల్లో ఆఫీసు ఉద్యోగులకు ఇచ్చే మీల్ కార్డులు అలాంటివే. వాటి ఆకర్షణ పన్ను మినహాయింపులో ఉంది. పన్ను కట్టేంత ఆదాయమే లేని పాలిషింగ్ కార్మికుడికి ఆ లాభం సున్నా. మీల్ కార్డు అమ్మడానికి వచ్చేవాళ్ళు ఈ తేడా చెప్పరు, అడిగి తెలుసుకోవాలి.

మానేసే రోజు

కార్డు మంచిదా చెడ్డదా అన్నది చేరిన రోజు తెలియదు. మానేసే రోజు తెలుస్తుంది. మనిషి పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం బాకీ చెల్లించాలని వేతనాల కోడ్ అంటుంది. కార్డులో మిగిలిన రీఛార్జి డబ్బు కూడా అదే గడువులో, అదే బ్యాంకు ఖాతాలోకి, దరఖాస్తు లేకుండా పడాలి. క్యాటరింగ్ కాంట్రాక్టరు మారినప్పుడూ ఇంతే: పాతవాళ్ళ దగ్గరున్న బ్యాలెన్సులు కొత్తవాళ్ళకు బదిలీ అయ్యేదాకా పాతవాళ్ళ ఆఖరి బిల్లు ఆపి ఉంచాలన్న షరతు ఒప్పందంలో రాయాలి. జూన్ 30న ఒక కాంట్రాక్టరు యంత్రాలు విప్పుకుని వెళ్ళి, జూలై 1న ఇంకొకరు వేరే రంగు కార్డులు పంచితే, పాత కార్డుల్లో ఉన్న ముప్పైలూ నలభైలూ ఎవరి జేబులోకి వెళ్ళాయో అడిగే నాథుడు ఉండడు. అందుకే ఆ షరతు టెండరు పిలిచేటప్పుడే, ప్లేటు రేటు రాసిన పేజీలోనే ఉండాలి. క్యాంటీన్ కమిటీ సభ్యులు సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవాలి.